పట్టు - విడుపు: తీగల కనెక్టర్ల చరిత్ర

2011 సెప్టెంబరు 23వ తేదీన ఐరోపా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక వార్త విని భౌతికశాస్త్ర లోకమంతయు నివ్వెరపోయెను. జెనీవా నగరము వద్ద నున్న సెర్న్ ప్రయోగశాలలో పుట్టిన న్యూట్రినో కణములు భూగర్భములోని రాతిపొరల గుండ 730 కిలోమీటర్లు సాగి, ఇటలీలో గ్రాన్ సాసో పర్వతము క్రింది ప్రయోగశాలను చేరుచుండెను. ఆ దూరము దాటుటకు కాంతికి సుమారు 2.4 మిల్లీసెకన్లు పట్టును. న్యూట్రినోలు అంతకంటె సుమారు 60 నానోసెకన్లు ముందుగా చేరినవని 'ఒపేరా' అను పరిశోధక బృందము లెక్కకట్టెను. నానోసెకను అనగా సెకనులో వందకోట్లవ వంతు. తేడా అతి స్వల్పమే. కాని అది నిజమైనచో, కాంతిని మించిన వేగము లేదను ఐన్‌స్టీన్ సిద్ధాంతమునకే ముప్పు.

బృందము వారు తొందరపడి సిద్ధాంతమును త్రోసివేయలేదు. తమ కొలతలో దోషము తమకు కనబడలేదనియు, ఇతరులును పరిశీలింపవలెననియు కోరిరి. చివరకు 2012 ఫిబ్రవరిలో దోషము బయటపడెను. అది గణితములో లేదు, సిద్ధాంతములో లేదు. ఉపగ్రహముల ద్వారా వచ్చు కాలసంకేతమును నేలపై నుండి భూగర్భములోని గడియారమునకు చేరవేయు కాంతితంతువు కొస, తన సాకెట్టులో సరిగా బిగిసి యుండలేదు! 2012 మార్చిలో బృందనాయకులిద్దరు తమ బాధ్యతల నుండి తప్పుకొనిరి.

ఈ కథ విని కొందరు నవ్వవచ్చును. కాని పాఠశాలలో కంప్యూటరు గదిని నడుపు ఉపాధ్యాయులు నవ్వరు. నిన్నటి వరకు పనిచేసిన యంత్రము నేడు మొరాయించుటయు, గంటసేపు వెదకిన పిమ్మట ఒక ప్లగ్గు సగము ఊడియుండుట కనబడుటయు వారికి అనుభవములోని సంగతియే. తీగను పెట్టుట, తీయుట అనునది ఎవ్వరును ప్రత్యేకముగా నేర్పని పని. దానికిని ఒక శాస్త్రము కలదు. నూటనలుబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఇప్పటి కనెక్టరు ఆకారములో ప్రతి వంపు వెనుక, ప్రతి గాడి వెనుక, వెనుకటి వారు పడిన ఒక చిక్కు దాగియున్నది.

రెండు విరుద్ధ ధర్మములు

రెండు తీగలను శాశ్వతముగా కలుపవలెనన్నచో మెలిపెట్టి టంకము వేసిన చాలును. కనెక్టరు పని అంత సులభము కాదు. పెట్టినప్పుడు అది గట్టిగా పట్టవలెను; తీసినప్పుడు ఎవరికిని హాని లేకుండ విడువవలెను. మనిషికి పట్టువిడుపులు రెండును ఉండవలెనని పెద్దలందురు. కనెక్టరుకును అంతియే. పట్టు ఎక్కువైన కొలది విడుపు కష్టము. విడుపు తేలికయైన కొలది పట్టు అనుమానము.

మరియొక చిక్కు గలదు. నునుపుగా కనబడు రెండు లోహపు తలములను ఒకదానిపై నొకటి ఉంచినప్పుడు అవి అంతటను తాకవు. సూక్ష్మదర్శినిలో చూచినచో ప్రతి తలమును గుట్టలు మిట్టలుగా నుండును. ఎత్తైన కొన్ని శిఖరములు మాత్రమే ఒకదానికొకటి తగులును. విద్యుత్తు అంతయు ఆ కొద్ది బిందువుల గుండనే పోవలెను. స్వీడను దేశీయుడైన రాగ్నర్ హోమ్ ఇరువదవ శతాబ్ది పూర్వార్ధములో ఈ సంగతిని లోతుగా పరిశోధించెను. ఆ బిందువులపై దుమ్ము గాని, ఆక్సైడు పొర గాని చేరినచో మార్గము మూసికొనిపోవును. అందుచేతనే కనెక్టరులో స్ప్రింగు వలె సాగు లోహపు నాలుకలుండును. లోనికి త్రోసినప్పుడు అవి ఒకదానినొకటి ఒరసికొని తమ మురికిని తామే తుడిచికొనును. సగము దోసిన ప్లగ్గులో ఈ తుడుపు, ఈ ఒత్తిడి పూర్తి కావు. అది నేడు పనిచేసినను రేపు పనిచేయునను నమ్మకము లేదు. అసలు తెగిపోయిన తీగకంటె ఇట్టి అరకొర స్పర్శయే ఎక్కువ ప్రమాదకరము. తెగినది వెంటనే తెలియును, ఇది తెలియదు.

టెలిఫోను కేంద్రములో పుట్టిన ప్లగ్గు

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందెను. రెండేండ్లకు, 1878 జనవరి 28న, అమెరికాలోని న్యూహేవెన్ పట్టణములో జార్జి కాయ్ మొదటి వాణిజ్య టెలిఫోను కేంద్రమును తెరచెను. దానికి 21 మంది చందాదారులుండిరి. సరిగా నాలుగేండ్లకు, 1882 జనవరి 28ననే, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను కేంద్రములు లాంఛనముగా ప్రారంభమయ్యెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివే.

ఒకరి తీగను మరొకరి తీగతో క్షణములో కలిపి, మాటలు ముగియగనే విడదీయుట అను అవసరము ఈ కేంద్రములతోనే వచ్చినది. వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన చార్లెస్ స్క్రిబ్నర్ ఇందుకై ఒక స్విచ్చిని రూపొందించెను. అది జేబులో మడిచిపెట్టుకొను చాకువంటి ఆకారము గలది. అట్టి చాకును ఆంగ్లమున 'జాక్‌నైఫ్' అందురు. ఆ పేరు కుదించుకొని, ప్లగ్గు దూరు రంధ్రమునకు నేటికిని 'జాక్' అను పేరే నిలిచినది.

ఆ ప్లగ్గు పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు, మందము గల లోహపు కడ్డీ. కొసన ఒక లోహభాగము, దాని వెనుక ఒక కట్టు, దాని వెనుక ఒక తొడుగు. వీని నడుమ బంధకపు ఉంగరములు. సంగీత వాద్యములకును, పెద్ద హెడ్‌ఫోనులకును ఆ ప్లగ్గునే నేటికిని వాడుచున్నారు. దానికి పట్టుకొనుటకు వీలైన పిడి యుండుట గమనింపదగిన విషయము. పిడిని విడిచి తీగను పట్టి లాగినచో బలమంతయు తీగ, లోహము కలియు సన్నని చోట పడును. లోపలి పోగులు ఒక్కొక్కటిగా తెగును. పై తొడుగు చెక్కుచెదరదు గనుక దోషము కంటికి కనబడదు. కనెక్టర్ల శాస్త్రములో మొదటి నియమము ఇదియే: పట్టవలసినది తలను, తోకను కాదు.

ఈ ప్లగ్గునకు ఒక లోపము కలదు. రంధ్రములోనికి దూరునప్పుడు కొసభాగము, తాను చేరవలసిన నాలుకకు ముందున్న ఇతర నాలుకలను కూడ తాకుచు పోవును. మాటలు మోయు బలహీన ప్రవాహమునకు దీనివలన పెద్ద నష్టము లేదు. కాని ఏది ముందు తాకవలెను, ఏది తరువాత తాకవలెను అను ప్రశ్న ఇచ్చటనే మొలకెత్తినది. దీనిని ముందు చూతము.

నొక్కి త్రిప్పు కనెక్టరు

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున రేడారు, రేడియో పరికరములు విరివిగా వాడుకలోనికి వచ్చినవి. వీని సంకేతముల పౌనఃపున్యము చాల హెచ్చు. వానిని మోయుటకు ఒక తీగచుట్టు బంధకము, దానిచుట్టు లోహపు అల్లిక గల ఏకాక్ష కేబులును వాడిరి. కదలిక, అదురు గల చోట్ల కూడ ఊడిపోని కనెక్టరు కావలసివచ్చెను. మరల త్రిప్పి బిగించు కనెక్టరు గట్టిగా నుండును గాని, తీయుటకు ఆలస్యమగును. ఈ చిక్కును తీర్చినది బి.ఎన్.సి. కనెక్టరు. బెల్ ప్రయోగశాలకు చెందిన పాల్ నీల్, యాంఫినాల్ సంస్థకు చెందిన కార్ల్ కాన్సెల్మన్ అనువారి పేర్లు ఇందులో కలిసియున్నవి. ఇట్టి నిర్మాణముపై ఆక్టేవియో సలాటి 1951లో పేటెంటు పొందెను.

దీని పట్టు మనకు క్రొత్తది కాదు. మన ఇండ్లలో రెండు చిన్న మేకులు గల బల్బును హోల్డరులో పెట్టునప్పుడు లోనికి నొక్కి, కొంచెము త్రిప్పి వదలుదుము. లోని స్ప్రింగు దానిని వెనుకకు త్రోయును. మేకులు గాడిలో చిక్కుకొనును. బి.ఎన్.సి. కూడ అట్లే. తీయవలెనన్న మరల నొక్కి, ఎదురు దిక్కునకు త్రిప్పవలెను. లాగిన మాత్రమున రాదు. తెలిసి తీసినవానికే వచ్చును.

ఒక్కడు తీసిన అందరికి నష్టము

1973 మే 22న రాబర్ట్ మెట్‌కాఫ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రములో ఒక లేఖ వ్రాసెను. కంప్యూటర్లన్నిటిని ఒకే కేబులుకు తగిలించి, అవి పరస్పరము సంభాషించు పద్ధతిని అందులో వివరించెను. కాంతికి వాహకముగా పూర్వులు ఊహించిన 'ఈథరు'ను 1887 నాటి మైకెల్‌సన్-మోర్లీ ప్రయోగము కనుగొనలేకపోయెను. ఆ మరుగుపడిన పేరునే మెట్‌కాఫ్ తన పద్ధతికి పెట్టెను. అదియే ఈథర్‌నెట్. దాని నిర్మాణములో డేవిడ్ బాగ్స్ అతనికి తోడ్పడెను.

తరువాత ప్రమాణముగా స్థిరపడిన మొదటి ఈథర్‌నెట్ కేబులు బొటనవ్రేలి లావున నుండెను. దానిపై ప్రతి 2.5 మీటర్లకు ఒక గుర్తు వేసియుండును. గుర్తున్న చోట కేబులుకు రంధ్రము చేసి, ఒక పదునైన ముల్లును లోని తీగకు తగులునట్లు దించెడివారు. ముల్లు వంకరపోయినచో లోపలి తీగ, బయటి అల్లిక ఒకదానికొకటి తగిలి, కేబులంతయు మూగవోవును. ఈ కష్టము పడలేక 1980వ దశకములో సన్నని కేబులు వచ్చినది. దానికి బి.ఎన్.సి. కనెక్టర్లు. ప్రతి కంప్యూటరు వెనుకను మూడు ముఖములు గల ఒక కూడలి ముక్క, దాని రెండు చేతులకు రెండు కేబులు ముక్కలు, మూడవది కంప్యూటరుకు. వరుస రెండు చివరలను 50 ఓముల నిరోధముతో మూసెడివారు.

ఆ నిరోధము ఎందులకు? ఒక త్రాటి చివరను గోడకు కట్టి, రెండవ చివరను ఊపినచో తరంగము గోడ వరకు పోయి తిరిగివచ్చును. కేబులులోని విద్యుత్ సంకేతమును అట్లే. తెగిన చివరకు చేరగనే అది పరావర్తనము చెంది, వెనుక వచ్చు సంకేతములతో కలిసి వానిని చెరచును. సరియైన నిరోధము చివరనున్నచో తరంగము అందులో లీనమై, తిరిగిరాదు. ఇప్పుడు ఒక ఉద్యోగి తన కంప్యూటరును ప్రక్కకు జరుపుటకై కూడలి ముక్క చేతి నుండి కేబులును ఊడదీసెననుకొనుడు. వరుస రెండుగా తెగును. తెగిన రెండు చివరలలోను నిరోధము లేదు. ఆ గదిలోని కంప్యూటర్లన్నియు ఒక్కసారిగా మూగవోవును. చేయవలసిన పని వేరు: రెండు కేబుళ్లను కూడలిలోనే ఉండనిచ్చి, కూడలినే కంప్యూటరు నుండి విడదీయవలెను. తెలిసినవానికి అది క్షణము పని; తెలియనివాని చేతిలో కార్యాలయమంతటికిని నష్టము.

'టక్' అను చప్పుడు

అమెరికాలో చాలకాలము వరకు టెలిఫోను పరికరమును సంస్థ ఉద్యోగి వచ్చి గోడకు మరలతో బిగించెడివాడు. ఇంటివారు తామే తగిలించుకొనదగిన చిన్న ప్లగ్గును 1970వ దశకములో బెల్ వ్యవస్థ ప్రవేశపెట్టెను. ఎడ్విన్ హార్డెస్టీ మొదలగువారు దీనిపై పేటెంట్లు పొందిరి. పారదర్శకమగు ప్లాస్టిక్కు తల. అందులో వరుసగా లోహపు పలకలు. ఒక వైపున వంగి లేచు ప్లాస్టిక్కు నాలుక. సాకెట్టులోనికి దోసినప్పుడు నాలుక అణగి, లోపలి మెట్టును దాటగనే 'టక్' అని లేచి పట్టును. తీయునప్పుడు నాలుకను నొక్కవలెను.

1990లో మెలిపెట్టిన జంటతీగలపై నడచు ఈథర్‌నెట్ ప్రమాణము వెలువడెను. తీగలను మెలిపెట్టినచో చుట్టుప్రక్కల కలవరము తగ్గునని బెల్ 1881 నాటికే గ్రహించి పేటెంటు పొందియుండెను. క్రొత్త పద్ధతిలో ఎనిమిది పలకల ప్లగ్గును వాడిరి. ప్రతి కంప్యూటరు నుండి ఒక ప్రత్యేక కేబులు మధ్యనున్న పెట్టెకు పోవును. ఒక్కరు తీగ తీసినచో ఆ ఒక్కరికే నష్టము. పాత వరుసలోని పెద్ద లోపమును క్రొత్త ఏర్పాటు ఇట్లు పోగొట్టినది.

పలకలపై బంగారపు పూత యుండును. బంగారము గాలిలో ఆక్సైడుగా మారదు. అమెరికా నియమావళి ఈ పూత కనీసము 1.27 మైక్రోమీటర్లు ఉండవలెనని నిర్దేశించెను. ఇట్టి కనెక్టరు కనీసము 750 సార్లు పెట్టి తీయుటకు ఓర్వవలెనని అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఇది పెద్ద సంఖ్యగా తోచును గాని, దినమునకు మూడుసార్లు తీసిపెట్టినచో 250 దినములలో తీరిపోవును. అవసరము లేక తీయకుండుట కూడ జాగ్రత్తలలో నొకటి. టెలిఫోను యొక్క ఇరుకు ప్లగ్గు ఈ వెడల్పు సాకెట్టులో కూడ దూరును. కాని దాని అంచులు సాకెట్టులోని చివరి నాలుకలను వంచివేయగలవు. దూరుట వేరు, సరిపోవుట వేరు.

ఈ ప్లగ్గులో బలహీనమైనది ప్లాస్టిక్కు నాలుకయే. కేబులును కట్టలోనుండి వెనుకకు లాగునప్పుడు అది మరొక తీగకు తగులుకొని విరుగును. విరిగిన ప్లగ్గు సాకెట్టులో నిలిచినట్లే కనబడును గాని, తాకిడికి జారును. నాలుక విరుగకుండ దానిపై రబ్బరు తొడుగు వేయుట ఆరంభమైనది. 2013లో ఈ తొడుగే మరియొక చిక్కు తెచ్చెను. ఒక సంస్థ తయారుచేసిన పెట్టెలో మొదటి సాకెట్టు పైననే ఒక బొత్తాము ఉండెను. కొన్ని కేబుళ్ల తొడుగు దానిని నొక్కిపట్టి, పెట్టె తన అమరికనంతయు పోగొట్టుకొని మరల మొదటికి వచ్చునట్లు చేయగలదని ఆ సంస్థయే హెచ్చరిక ప్రకటించెను. కాబట్టి ప్లగ్గును దోయునప్పుడు దాని చుట్టునున్న వానిని కూడ చూడవలెను.

నిప్పురవ్వ - వరుసక్రమము

2003 వరకు ఈథర్‌నెట్ ప్రమాణములో కేబులు సమాచారమునే మోసెను. ఆ సంవత్సరమున అదే కేబులు గుండ పరికరములకు విద్యుచ్ఛక్తిని పంపు ప్రమాణము వచ్చినది. మొదట పంపు పెట్టె వద్ద 15.4 వాట్లు, 2018 నాటికి 90 వాట్లు. పీడనము సుమారు 48 వోల్టులు. ఎదుట నున్నది శక్తి కోరు పరికరమా కాదా అని పెట్టె ముందుగా చిన్న పీడనముతో పరీక్షించును. అచ్చట సుమారు 25,000 ఓముల నిరోధము కనబడినచో మాత్రమే పూర్తి పీడనమును ఇచ్చును. అందువలన ప్లగ్గు పెట్టునప్పుడు నిప్పురవ్వ పుట్టదు.

తీయునప్పుడు సంగతి వేరు. అప్పటికే ప్రవాహము సాగుచున్నది. లోహములు విడిపోవు క్షణమున ఆ ప్రవాహము గాలిలో చిన్న మెరుపుగా దూకి, బంగారపు పూతను కొంచెము కొరుకును. అందుచేత మంచి కనెక్టరులో, విడిపోవునప్పుడు మెరుపు తగులు చోటు, పూర్తిగా కూర్చున్నప్పుడు స్పర్శ కలుగు చోటు వేరువేరుగా నుండునట్లు నాలుకను మలచుదురు. సగము దోసిన ప్లగ్గులో ఈ రక్షణ లేదు. ముందు శక్తిని ఆపి, తరువాత ప్లగ్గును తీయుటయే ఉత్తమము.

వరుసక్రమమునకు మంచి ఉదాహరణ మన గోడలోని మూడు పిన్నుల ప్లగ్గు. అందులో ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికంటె పొడవు, లావు. పెట్టునప్పుడు అది అన్నిటికంటె ముందు తాకును. తీయునప్పుడు అన్నిటికంటె వెనుక విడుచును. రక్షణ ముందు వచ్చి, చివర పోవలెననుటయే దీని భావము. 2000 సంవత్సర ప్రాంతమున వచ్చిన, యంత్రము నడచుచుండగనే దోసి తీయదగిన చిన్న కాంతిసంకేత పేటికలలో కూడ ఇదే సూత్రమును పాటించిరి. వాని అంచున భూస్పర్శ పలకలు ముందు తాకును; తరువాత శక్తి పలకలు; చివర సంకేతపు పలకలు.

కంటికి కనబడని ప్రమాదము

గాజుతంతువు గుండ దూరప్రాంతములకు సమాచారము పంపవచ్చునని చార్లెస్ కావ్ 1966లో చూపెను. 1970లో కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అందుకు తగిన గాజును తయారుచేసిరి. కావ్‌కు 2009లో నోబెలు బహుమానము లభించెను. దూరప్రాంతములకు వాడు తంతువులో కాంతి నడచు మార్గము వ్యాసము సుమారు 9 మైక్రోమీటర్లు మాత్రమే. తలవెంట్రుక దీనికంటె ఎన్నో రెట్లు లావు. రెండు తంతువుల కొసలు ఎదురెదురుగా ముద్దుపెట్టుకొన్నట్లు ఒత్తుకొనవలెను. నడుమ ఒక దుమ్ముకణము పడినను కాంతి చెదరిపోవును. కణము గాజుపై గీతపడవేయును. కాబట్టి తీసిన వెంటనే మూత పెట్టుట, పెట్టుటకు ముందు కొసను పరీక్షించి తుడుచుట అలవాటు కావలెను. ఆ కాంతి పరారుణము, అనగా కంటికి కనబడనిది. వెలుగు లేదని కొసలోనికి తొంగిచూచుట కంటికి ప్రమాదము.

ఇప్పుడు గ్రాన్ సాసో కథ తేలికగా తెలియును. 8.3 కిలోమీటర్ల తంతువు గుండ వచ్చిన కాంతి, బిగియని కొస వద్ద కొంత చెదరిపోయి, గ్రాహకమునకు తక్కువగా అందెను. వెలుగు తక్కువైనందున గ్రాహకములోని విద్యుత్ సంకేతము నెమ్మదిగా పెరిగి, గుర్తింపదగిన మట్టమును ఆలస్యముగా చేరెను. ఆలస్యము సుమారు 73 నానోసెకన్లు. గడియారము ఆ మేరకు వెనుకబడెను. న్యూట్రినోలు ముందు వచ్చినట్లు తోచెను. గడియారములోని మరియొక చిన్న దోషమును కూడ సరిచేసిన పిమ్మట, న్యూట్రినోలు కాంతిని మించుట లేదని 2012 జూనులో తేలెను. ఆ తీగ పూర్తిగా తెగియున్నచో మొదటి దినమే తెలిసెడిది. సగము పట్టిన పట్టు తప్పుడు సాక్ష్యము చెప్పినది.

మన ప్రయోగశాలలో

ఉపాధ్యాయులు ఈ చరిత్రను నియమములుగా గాక కారణములతో బోధించినచో విద్యార్థులు మరువరు. పనికిరాని ఒక ఈథర్‌నెట్ ప్లగ్గును భూతద్దము క్రింద చూపుడు. ఎనిమిది పలకలపై బంగారపు మెరుపును, ఒరసిన గీతలను పిల్లలు తామే గుర్తింతురు. దానిని ఒక పాత సాకెట్టులో కండ్లు మూసికొని పెట్టించి, చప్పుడు విన్న పిమ్మట మెల్లగా లాగి చూడుమనుడు. కదలక నిలిచినచో పట్టు సరియైనది. తీయునప్పుడు నాలుకను పూర్తిగా నొక్కి, తలను పట్టి, సూటిగా తీయవలెను. ఏ తీగ ఎచ్చటిదో ముందుగా చీటీ అంటించుకొనవలెను.

మరియొక జాగ్రత్త మన వేసవి సాయంకాలములకు ప్రత్యేకము. ఈథర్‌నెట్ పరికరములలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1,500 వోల్టుల వరకు అడ్డుకొనునట్లు నిర్మింపబడును. పిడుగుపాటుకు ఆ రక్షణ చాలదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు, ముఖ్యముగా భవనము బయటినుండి వచ్చు తీగలను, పెట్టుట గాని తీయుట గాని చేయరాదు. మబ్బు పట్టకముందే తీసియుంచుట వివేకము.

పెద్ద యంత్రములను గూర్చి మనము గొప్పగా చెప్పుకొందుము. కాని ఆ యంత్రములన్నియు ఆధారపడియున్నది వ్రేలెడంత ప్లగ్గుపై, దానిని పట్టిన చేతిపై. తొందరలో సగము దోసిన తీగ లోకములోని మేటి శాస్త్రజ్ఞులనే నెలల తరబడి తికమక పెట్టినది. ఆ 'టక్' అను చప్పుడు వినువరకు ఒక్క క్షణము ఆగుట మన పిల్లలకు మనము నేర్పగల ప్రయోగశాల మర్యాద.